ఎండు చేపల గంపల్లో దీపాల గుత్తి

నా చిన్నప్పుడు యుద్ధమంటే నాకు కిటికీలకు అంటించిన నల్ల కాగితమే. విశాఖపట్నం పాత ఊళ్ళో, రేవుకు దగ్గరగా ఉన్న మా తాతయ్య ఇంట్లో నేను పెరిగాను. డెబ్భై ఒకటి డిసెంబరులో సైరన్ మోగేసరికి వీధిలో ఒక్క దీపం కూడా కనిపించకూడదనేవారు. కార్ల దీపాలకు సగం దాకా నల్ల రంగు పూశారు. అద్దాలు పగిలి మీద పడకుండా కిటికీలకు కాగితం పట్టీలు అడ్డంగా అతికించారు. పట్టీలు కత్తిరించడం, మైదా జిగురు రాయడం పిల్లల పని కాబట్టి మాకు ఆ రోజులు సరదాగానే గడిచాయి. పెద్దవాళ్ళ ముఖాలు చూసినప్పుడు మాత్రం ఇది ఆట కాదని గుర్తొచ్చేది.

మా వీధి చివర ఒక పాత నాటకాల హాలు ఉండేది. నేను పుట్టేనాటికే అందులో సినిమాలు ఆడుతున్నాయి. మా తాతయ్య సబ్బవరం దగ్గర పల్లెలో సేద్యం వదిలి కుర్రతనంలోనే పట్నం వచ్చి ఆ హాల్లో పనికి కుదిరారు. తాళాలు, కుర్చీలు, తెర, నేల ఊడ్చే మనుషులు, అన్నీ ఆయన చూసుకునేవారు. హాలు యజమాని కుటుంబం కొండల వైపు ఒక బంగళాలో ఉండేది. వాళ్ళు ఏడాదికి ఒకసారి వచ్చి చూసి వెళ్ళేవారు.

హాలు ముందు గదిలో, కప్పు నుంచి, గాజు దీపాల షాండ్లియర్ వేలాడేది. వీధి వాళ్ళందరం దాన్ని గుత్తి అనేవాళ్ళం. దాని అందం గురించి ఎక్కువ రాయడం నాకు చేతకాదు. ఇత్తడి కొమ్మలు, వాటికి బల్బులు, కింద నూలు తాళ్ళతో కట్టిన గాజు ముక్కలు. ఆట మొదలయ్యే ముందు దాన్ని వెలిగిస్తే, టికెట్టు కొనుక్కొని లోపలికి వచ్చినవాళ్ళు ఒక్క క్షణం మాట్లాడడం ఆపేవారు. అంతవరకు చెప్పగలను. ఏటా దసరాకు ముందు దాన్ని కిందికి దించి గాజు ముక్కలన్నీ విప్పేవారు. మా వీధి ఆడవాళ్ళు చాపలు పరుచుకుని కూర్చుని కుంకుడు రసంలో వాటిని కడిగేవారు. కొత్త తాళ్ళతో మళ్ళీ కట్టేవారు. ఎవరూ పిలవకుండానే వచ్చేవారు. గుత్తి యజమానిదే గాని, కడగడం మాత్రం మా వీధిది.

ఆ కప్పుకు రెండు కొక్కేలు ఉండేవి. ఒకటి ఖాళీ. అక్కడ ఇంకో గుత్తి ఉండేదట. అంతకు ముందరి పెద్ద యుద్ధంలో జపాను విమానాలు వచ్చి ఊరి మీద బాంబులు వేసినప్పుడు, భద్రంగా ఉంటుందని యజమాని తండ్రి దాన్ని బంగళాకు పంపించమన్నారట. అప్పటికి కుర్రవాడైన తాతయ్య తన చేతులతోనే దాన్ని ఎడ్లబండి మీదికి ఎక్కించారు. యుద్ధం అయిపోయింది. గుత్తి తిరిగి రాలేదు. అడగడం బాగుండదని తాతయ్య ఎప్పుడూ అడగలేదు. కాని హాలు తాళం వేసే ముందు ఆ ఖాళీ కొక్కెం వైపు ఒకసారి తలెత్తి చూసేవారు.

యుద్ధం మొదలైన కొద్ది రోజుల్లోనే ఒక రాత్రి సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చింది. మా ఇంటి గిన్నెలు కదిలాయి. తెల్లారి తాతయ్యతో హాలుకు వెళ్ళేసరికి గుత్తి ఇంకా సన్నగా ఊగుతోందేమో అనిపించింది. కింద నేల మీద ఒక గాజు ముక్క పగిలి ఉంది. ఇంకో చప్పుడు వస్తే మొత్తం రాలిపోతుందని తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నమే యజమాని నుంచి కబురు వచ్చింది. గుత్తిని దించి పెట్టెల్లో సర్దమన్నారు. పరిస్థితి కాస్త చక్కబడగానే తాను లారీతో వస్తానన్నారు. ఇకమీదట అది బంగళాలోనే ఉంటుందన్నారు. కబురు తెచ్చిన డ్రైవరు ఈ చివరి మాట మామూలుగా చెప్పి వెళ్ళిపోయాడు. తాతయ్య చాలాసేపు హాలు మెట్ల మీద కూర్చుండిపోయారు. నేను పక్కన కూర్చుని కాళ్ళు ఊపుతున్నాను. రెండో కొక్కెం కూడా ఖాళీ అవుతుందని నాకు అప్పుడు తెలిసింది.

దించడానికే మనుషులు లేరు. భయంతో ఊరు సగం ఖాళీ అయింది. ఏటా గుత్తిని దించే మనుషులు పెళ్ళాం పిల్లలతో పల్లెలకు వెళ్ళిపోయారు. వడ్రంగి వెళ్ళిపోయాడు కాబట్టి పెట్టెలు లేవు. గడ్డి కూడా దొరకలేదు.

అప్పుడు మా జాలరి అత్త వచ్చింది. నిజానికి ఆవిడ మాకు చుట్టం కాదు. రోజూ తీరం నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చి మా వీధిలో అమ్మేది. ఎండ ఎక్కువైతే హాలు వసారాలో కాసేపు నడుం వాల్చేది. తాతయ్య కుండలో నీళ్ళు ఇచ్చేవారు. అలా ఎన్నో ఏళ్ళు. యుద్ధం వల్ల పడవలు సముద్రంలోకి వెళ్ళకూడదన్నారు. వాళ్ళ మగవాళ్ళు ఇసుకలో కూర్చుని చినిగిన వలలు, చినగని వలలు కూడా కుట్టుకుంటున్నారు. తాతయ్య కష్టం విని ఆవిడ నవ్వింది. సముద్రంలో నుంచి వల లాగేవాళ్ళకి కప్పు నుంచి దీపం దించడం ఒక పనా అంది.

మర్నాడు పొద్దున వాళ్ళు వచ్చారు. పడవ తాళ్ళు తెచ్చారు, పెద్ద వల తెచ్చారు. గుత్తి కింద వలను నలుమూలలా పట్టుకుని నిలబడ్డారు. మిగిలినవాళ్ళు తాడు పట్టుకున్నారు. ఒకాయన పాట అందుకుంటే మిగతావాళ్ళు పలుకుతూ, ఒక్కో పలుకుకు ఒకసారి చొప్పున తాడు వదులుతూ పోయారు. వల లాగేటప్పుడు పాడే పాటే. ఇప్పుడు లాగడానికి బదులు వదలడానికి పాడుతున్నారు, అంతే తేడా. గుత్తి గలగలమంటూ వలలోకి దిగింది. వాళ్ళలో పెద్దాయన లోపలికి తొంగిచూసి, ఇన్నాళ్ళకి వలలో పడింది గాని కూరకి పనికిరాదని అన్నాడు. యుద్ధం వచ్చాక ఆ హాల్లో నవ్వు వినిపించడం అదే మొదటిసారి.

పెట్టెల సంగతి కూడా జాలరి అత్తే తేల్చింది. వాళ్ళ ఇళ్ళలో ఎండు చేపలు దాచుకునే తాటాకు గంపలున్నాయి. గంపలో ఒక వరస నెత్తళ్ళనే సన్నటి ఎండు చేపలు, దాని మీద గాజు ముక్కలు, మళ్ళీ నెత్తళ్ళు, మళ్ళీ గాజు. గడ్డి కంటే మెత్తగా ఉంటాయని ఆవిడ చెప్పింది. తాతయ్య కాసేపు సందేహించారు. గాజుకు వాసన పట్టదులే అని ఆయనే తీర్మానించారు. నూలు తాళ్ళకు, వైర్ల మీది గుడ్డ తొడుగుకు పడుతుందని ఆయనకు గుర్తు రాలేదు. గంపల్ని తీరం దగ్గరి వాళ్ళ ఇళ్ళలో తలా ఒకటి పెట్టారు. ఎవరింట్లో ఏముందో ఎవరూ రాసుకోలేదు.

యుద్ధం జరిగినన్నాళ్ళూ వాళ్ళు ఆ నెత్తళ్ళే తిన్నారు. సముద్రంలోకి వెళ్ళడం లేదు కాబట్టి అవే దిక్కు. మా ఇంటికీ కాస్త పంపేవారు. గంపలో చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తే ఒక గాజు ముక్క బయటపడేది. దాన్ని తుడిచి మళ్ళీ లోపల పెట్టేవారు. ఒకసారి మా అమ్మమ్మ చేపల పులుసులో గరిటె తిప్పుతుంటే టంగుమని చప్పుడైంది. అది గుత్తిలోది కాదు, మా అమ్మమ్మ చేతి నుంచి జారిన ఉంగరం. అయినా ఆ పూట అందరం ముద్ద ముద్దకీ వేళ్ళతో వెతుక్కుంటూ తిన్నాం.

యుద్ధం తొందరగానే అయిపోయింది. రేడియోలో చెప్పిన రోజున వీధిలో బెల్లం ముక్కలు పంచారు. కిటికీల కాగితాలు ఊడదీశాం. వెంటనే డ్రైవరు వచ్చి, ఆదివారం బాబుగారు, అమ్మగారు లారీ తీసుకుని వస్తారని చెప్పాడు.

గంపలన్నీ హాలుకు తిరిగి వచ్చాయి. ఒక్క ముక్క పోలేదు. ఇత్తడి కొమ్మలు బయటికి తీసి గాజు ముక్కలు తగిలిస్తున్నప్పుడు తాతయ్య ఒక్కసారిగా ఆగి, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత గుత్తిని వాసన చూశారు. తర్వాత నన్ను చూడమన్నారు. నాకు ఆకలేసింది. అంత చక్కటి నెత్తళ్ళ వాసన.

తాతయ్య ముఖం పాలిపోయింది. వెంటనే మా అమ్మమ్మను కేకేసి పెద్ద గంగాళంలో కుంకుడుకాయలు నానబెట్టమన్నారు. రేపు దసరా కడుగుడు లాగే అందరూ వచ్చి కడగాలన్నారు. జాలరి అత్త వసారాలో కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆకు నములుతూ, తొందర లేకుండా అంది.

"ఎందుకు బావూ కడగడం? కడిగితే అట్టుకెల్లిపోతారు. ముందరోటి ఎల్లింది. వచ్చిందేటి?"

తాతయ్య చేతిలో గాజు ముక్క అలాగే ఉండిపోయింది. "ఆల సొమ్ము తల్లీ అది. నాను ఆలకి అబద్దం సెప్పలేను."

"అబద్దం ఎవులు సెప్పమన్నారు? కడగొద్దన్నాను. దాని మాట అది సెప్పుకుంటాది."

 ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మొదలు రాత్రంతా తాతయ్య గంగాళం పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. కుంకుళ్ళు నీళ్ళలో ఉబ్బుతున్నాయి. ఆయన ఏం ఆలోచించారో నాకు తెలియదు. జీవితమంతా ఎవరికీ ఒక మాట పడకుండా బతికిన మనిషి. హాలును తళతళలాడేలా ఉంచడమే ఆయన పరువు. చేపల వాసన కొట్టే గుత్తిని యజమాని ముందు నిలబెట్టడం ఆయనకు ఎంత కష్టమో పెద్దయ్యాక గాని నాకు అర్థం కాలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి మా అమ్మమ్మ నాకు నూనె రాసి తలంటు పోసింది. నానబెట్టిన కుంకుళ్ళన్నీ నా తలకే ఖర్చయ్యాయి. పండగ కాదు, పబ్బం కాదు, ఈ తలంటు ఏమిటని అడిగితే, మీ తాతయ్య పోసేయమన్నారని మాత్రం చెప్పింది.

ఆదివారం యజమాని, ఆయన భార్య కారులో వచ్చారు. వెనకే లారీ. యజమాని పెద్దవారు, తెల్ల పంచె, చేతికర్ర, మెల్లగా మాట్లాడే మనిషి. తీసుకెళ్ళే ముందు ఒకసారి పైకెక్కించి వెలిగించమన్నారు. అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలన్నారు. జాలరులు మళ్ళీ తాడు పట్టుకున్నారు. పాట పాడుతూ గుత్తిని పైకి లాగారు. తాతయ్య స్విచ్చి వేశారు.

అన్ని రోజుల చీకటి తర్వాత ఆ వెలుగు చూసి అందరం నిలబడిపోయాం. యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆ తర్వాత, బల్బులు వేడెక్కిన కొద్దీ, వాసన దిగడం మొదలైంది. ముందు సన్నగా వచ్చింది. తర్వాత ఎవరూ కాదనలేనట్టు వచ్చింది. హాలు వెనక ఉండే పిల్లి గుమ్మం దాటి వచ్చి సరిగ్గా గుత్తి కింద కూర్చుని పైకి చూసింది. అమ్మగారు పట్టుచీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

యజమాని తాతయ్య వైపు తిరిగారు. "ఏమోయ్, ఏమిటీ వాసన?"

"నెత్తళ్ళండి బాబుగారూ. పెట్టెలు దొరకలేదు. సేపల గంపల్లో దాసినాం."

"కడిగితే పోదా?"

ఇదే ఆ ప్రశ్న. తాతయ్య నోరు తెరిచారు. నేను ఆయన పంచె అంచు పట్టుకుని ఉన్నాను.  పోతుంది అంటే గుత్తి వెళ్ళిపోతుంది. పోదు అంటే అబద్ధం. ఆయన ఏదో ఒకటి చెప్పేలోపల జాలరి అత్త తాడు వదిలి ముందుకొచ్చింది.

"పోద్దండి బావుగారూ, పోకేటి? మా ముసిలోడికి పెళ్ళినాటి నించి పోలేదు గాని, గాజుకి పోద్ది."

ఆవిడ మొగుడు అక్కడే తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందు అతనే నవ్వాడు. తర్వాత జాలరులందరూ, ఆ తర్వాత మా వీధి ఆడవాళ్ళు. అమ్మగారి కొంగు వెనకాల కూడా నవ్వు కదలడం చూశాను. ఆవిడ కొంగు తీయకుండానే, కడిగినా కడగకపోయినా దీన్ని మాత్రం తన ముందుగదిలో పెట్టనివ్వనని భర్తతో అన్నారు.

యజమాని నవ్వలేదు. ఖాళీ కొక్కెం వైపు చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి తాతయ్యకొక్కరికే చెబుతున్నట్టు తగ్గు గొంతుతో మాట్లాడారు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది.

"ఆ రెండోది బంగళాకు చేరనే లేదు. కొండదారిలో బండి తిరగబడింది. మా నాన్న ఆ ముక్కల్ని అక్కడే పాతిపెట్టించి, ఎవరికీ చెప్పొద్దన్నారు. నీకు చెప్పడానికి ఆయనకు ముఖం చెల్లలేదు."

 అన్నేళ్ళూ తాతయ్య దాన్ని ఎవరి గదిలోనో వెలుగుతున్నట్టు ఊహించుకున్నారు. బంగళావాళ్ళు తిరిగి పంపడం మరిచిపోయారేమోనని, అది హాలుది కాదనుకున్నారేమోనని నొచ్చుకున్నారు. అది పగిలిపోయిందని తెలియడం ఆయనకు దుఃఖమో ఊరటో నేను చెప్పలేను. రెండు చేతులతో యజమాని చెయ్యి పట్టుకున్నారు. అలా పట్టుకోవడం మర్యాద కాదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ వదల్లేదు.

"ఇక్కడే ఉండనీ" అన్నారు యజమాని.

లారీ ఖాళీగా తిరిగి వెళ్ళింది. కారు ఎక్కుతూ ఆయన జాలరి అత్తను పిలిచి, మళ్ళీ యుద్ధమంటూ వస్తే ఎండు రొయ్యల్లో పెట్టమని, నెత్తళ్ళకంటే వాటి వాసన ఇంకా గట్టిదని చెప్పారు. అప్పుడు గాని మాకెవరికీ అర్థం కాలేదు, ఆయనకు మొదటినుంచీ అంతా తెలుసని. ఆవిడ మొదటిసారి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత హాల్లో ఆట వేశారు. పల్లెలనుంచి తిరిగి వచ్చినవాళ్ళతో కుర్చీలన్నీ నిండిపోయాయి. నేల టికెట్టుకీ బాల్కనీ టికెట్టుకీ ఒకే వాసన. లోపలికి వచ్చినవాళ్ళు ముందు గుత్తిని చూసి మాట్లాడడం ఆపారు. తర్వాత ముక్కు ఎగబీల్చి నవ్వడం మొదలుపెట్టారు. ఎవరో వెనకనుంచి, అన్నం కూడా వడ్డిస్తే బాగుణ్ణు అన్నారు. సినిమా ఏమిటో నాకు గుర్తులేదు. జాలరులందర్నీ తాతయ్య బాల్కనీలో కూర్చోబెట్టారు. మా జాలరి అత్త కుర్చీలో కాళ్ళు మడుచుకుని కూర్చుని, తెర మీద ఏం జరుగుతోందో పక్కవాళ్ళకు పెద్ద గొంతుతో చెబుతూనే ఉంది.

ఆ తర్వాతి దసరాకు గుత్తిని మామూలుగానే కడిగారు. కొత్త తాళ్ళు కట్టారు. వాసన పోయింది. తాతయ్య, అత్త ఇద్దరూ తమ తమ వయసులు నిండాక వెళ్ళిపోయారు. హాలు కూడా ఇప్పుడు లేదు. గుత్తి ఏమైందో నాకు తెలియదు. వెతకలేదు కూడా.

నిరుడు మా ఆయన పోయారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాక దువ్వాడలో ఇల్లు కట్టుకున్నాం. పదకొండో రోజున వచ్చినవాళ్ళందరూ ఆయన గురించి మంచిగా మాట్లాడారు. శాంతమూర్తి అన్నారు, అజాతశత్రువు అన్నారు, కోపమన్నది ఎరగరన్నారు. అన్నీ బాగా కడిగిన మాటలు. వింటున్న కొద్దీ నాకు ఆయన అక్కడినుంచి దూరమైపోతున్నట్టు అనిపించింది. ఎవరో ఒక తెలియని పెద్దమనిషిని లారీ ఎక్కించి పంపుతున్నట్టుంది. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. అయినా లేచి, ఆయన క్యారమ్స్‌లో మనవలను కూడా మోసం చేసేవారని, దొరికిపోతే బోర్డు తిప్పేసి వెళ్ళిపోయేవారని, నా కూరను పొగిడినరోజు అనుమానించవలసిందేనని, ఎక్కడో బజ్జీలు తిని వచ్చారన్నమాటేనని చెప్పాను.  మా అమ్మాయి భయంగా నా వైపు చూసింది. అప్పుడు ఆయనతో షిఫ్టుల్లో పనిచేసిన స్నేహితుడొకరు మూల నుంచి, వదినా, ఆ బజ్జీల డబ్బులు ఎప్పుడూ నానే ఇచ్చీవోణ్ణి, అన్నారు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు అందుకున్నారు. చాలాసేపు నవ్వుకున్నాం. అంతసేపూ ఆయన మా మధ్యే ఉన్నారు.

మనకు ప్రియమైనదాన్ని మన దగ్గరే ఉంచుకోవాలంటే, దాన్ని మరీ శుభ్రంగా కడగకూడదు. తాతయ్య ఒక రాత్రంతా గంగాళం పక్కన కూర్చుని తెలుసుకున్న ఈ సంగతిని, నేను తలంటు పోసుకుని తెలుసుకున్నాను.